ధవళేశ్వరం చూడని ఎంపీ

మా తాతయ్య ధవళేశ్వరంలో కాలవ లాకుల దగ్గర లస్కరుగా పనిచేసి రిటైరయ్యారు. తలుపులు ఎత్తడం, దించడం, పొద్దున్నా సాయంత్రం గేజి చూసి పుస్తకంలో రాయడం, ఇదీ ఆయన ఉద్యోగం. వేసవి సెలవులకి వెళ్ళినప్పుడల్లా నన్ను గట్టు మీద కూర్చోబెట్టుకుని ఒకే కథ చెప్పేవారు. కాటన్ దొర గోదావరికి ఆనకట్ట కడతానంటే లండన్ పార్లమెంటు వాళ్ళు ఒప్పుకోలేదట. పిలిపించి బోనులో నిలబెట్టారట. "మీ థేమ్సు నదిలో ఏడాదంతా పారే నీళ్ళు మా గోదావరిలో వరదప్పుడు ఒక్క రోజులో పోతాయి" అని ఆయన అనేసరికి మెంబర్లందరూ నోరు మూసుకుని సంతకాలు పెట్టేశారట. "మా గోదావరి" అన్నచోట తాతయ్య గొంతు కొంచెం పెరిగేది. దొర నిజంగా "మా" అన్నాడా అని నేనెప్పుడూ అడగలేదు.

గోదావరి జిల్లాల వాళ్ళు చాలామంది ఈ కథ ఏదో ఒక రూపంలో వినే ఉంటారు. చాలా ఏళ్ళు నేనూ నమ్మాను. కానీ తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే అతకదు. ఆనకట్టకి అనుమతి 1846లో వచ్చింది. పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. అప్పుడు మనల్ని ఏలుతున్నది ఈస్టిండియా కంపెనీ. కాటన్ రిపోర్టు మద్రాసు ప్రభుత్వానికీ, అక్కణ్ణుంచి లండన్లో కంపెనీ డైరెక్టర్లకీ వెళ్ళింది. పార్లమెంటు కమిటీ ఒకటి కాటన్‌ని కూర్చోబెట్టి ప్రశ్నలు వేసిన మాట మాత్రం నిజమే. కాకపోతే అది 1878లో. ఆనకట్ట కట్టి అప్పటికి 26 ఏళ్ళు. దొరకి 75 ఏళ్ళు.

కట్టేసిన పాతికేళ్ళకి ఈ పంచాయితీ ఏంటి అని వెతుక్కుంటూ పోతే నాకొక ఎంపీ తగిలాడు. పేరు జాన్ బ్రైట్. ఈ టపా ఆయన గురించి.

రాచ్‌డేల్ మిల్లు కుర్రాడు

ఆన్‌సైట్ అని కంపెనీ పంపిస్తే మాంచెస్టర్లో ఏడాదిన్నర ఉన్నాను. వారాంతాల్లో చేసేదేమీ లేక ట్రామ్ ఎక్కి చుట్టుపక్కల ఊళ్ళు తిరిగేవాణ్ణి. అలా ఒకసారి రాచ్‌డేల్ వెళ్ళాను. అక్కడ పార్కులో ఒక పెద్దాయన విగ్రహం ఉంది. కింద జాన్ బ్రైట్ అన్న పేరు. అంతకు ముందే కాటన్ గురించి చదువుతూ ఆ పేరు ఒకటి రెండు చోట్ల చూసి వదిలేశాను. విగ్రహం చూశాక వదలబుద్ధి కాలేదు.

బ్రైట్ 1811 నవంబరు 16న ఆ ఊళ్ళోనే పుట్టాడు. తండ్రి జేకబ్‌కి నూలు మిల్లు ఉండేది. వాళ్ళు క్వేకర్లు. యుద్ధం పాపమని నమ్మే, ఆడంబరం పనికిరాదనుకునే క్రైస్తవ శాఖ అది. బ్రైట్ పదిహేనేళ్ళకే బడి మానేసి తండ్రి మిల్లులో చేరాడు. ఆక్స్‌ఫర్డూ లేదు, కేంబ్రిడ్జీ లేదు. మాట్లాడడం మాత్రం బాగా వచ్చు. ఆ శతాబ్దంలో ఇంగ్లండు చూసిన గొప్ప వక్తల్లో ఒకడని శత్రువులు కూడా ఒప్పుకున్నారు.

1841లో ఆయన మొదటి భార్య చిన్న వయసులోనే చనిపోయింది. పరామర్శకి వచ్చిన మిత్రుడు రిచర్డ్ కాబ్డెన్ కాసేపు ఓదార్చి, ఈ దేశంలో వేల ఇళ్ళల్లో తల్లులూ పిల్లలూ ఆకలితో పోతున్నారు, నీ దుఃఖం కాస్త తగ్గాక నాతో రా, ధాన్యం చట్టాలు పోయేదాకా ఆగొద్దు అన్నాడట. ధాన్యం చట్టాలంటే బయటి దేశాల గింజల మీద సుంకాలు. భూస్వాముల ధాన్యానికి ధర పడిపోకుండా, కూలివాడి రొట్టె ధర దిగకుండా చూసే ఏర్పాటు. ఇద్దరూ కలిసి ఊరూరా తిరిగారు. 1846లో ఆ చట్టాలు పోయాయి. ఈ మధ్యలో 1843లో డర్హామ్ నుంచి బ్రైట్ పార్లమెంటుకి వెళ్ళాడు. 1847లో మాంచెస్టర్ ఎంపీ అయ్యాడు.

తర్వాత క్రిమియా యుద్ధం వచ్చింది. దేశమంతా ఊగిపోతుంటే ఈయన లేచి వద్దన్నాడు. 1855 ఫిబ్రవరిలో ఆయన చేసిన యుద్ధ వ్యతిరేక ప్రసంగాన్ని ఇప్పటికీ తలుచుకుంటారు. దాని ఫలితం ఏమిటంటే, 1857 ఎన్నికల్లో మాంచెస్టర్ ఓడించి ఇంటికి పంపింది. కొన్ని నెలలకే బర్మింగ్‌హామ్ వాళ్ళు పిలిచి గెలిపించుకున్నారు. 1889 మార్చి 27న పోయేదాకా బర్మింగ్‌హామ్ ఎంపీగానే ఉన్నాడు. ఇంగ్లండు పార్లమెంట్లకి తల్లి అన్న మాట మనం చిన్నప్పటినుంచీ వింటున్నాం కదా, 1865లో అన్నది ఈయనే. లండన్లోని ఆ భవనాన్ని ఉద్దేశించి అన్నాడని చాలామంది అనుకుంటారు. ఆయనన్నది దేశాన్ని.

మనతో ఆయనకేం పని?

సూటిగా చెప్పాలంటే పత్తి. లాంకషైర్ మిల్లులన్నీ అమెరికా పత్తి మీద బతికేవి. ఆ పత్తి నల్లజాతి బానిసలు పండించేది. బానిసత్వమంటే క్వేకర్లకి ఒళ్ళుమంట. పైగా ఒకే దేశం మీద ఆధారపడితే ఏదో ఒకరోజు మిల్లులు మూతపడతాయన్న భయం. మన భాషలో సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్. అందుకని ఇండియాలో పత్తి ఎందుకు పెరగడం లేదో తేల్చమని 1848లో కామన్స్ సభ ఒక కమిటీ వేసింది. దానికి బ్రైటే అధ్యక్షుడు.

కదిపి చూస్తే పత్తి కంటే పెద్ద విషయం బయటపడింది. రైతు దగ్గర శిస్తు పిండుకుంటున్నారు, తిరిగి ఏమీ పెట్టడం లేదు. రోడ్లు లేవు, కాలవలు లేవు, పండినది రేవుకి చేరే దారి లేదు. అక్కణ్ణుంచి ఈయన ఇండియా గురించి మాట్లాడడం మొదలుపెట్టాడు. 1853లో కంపెనీ చార్టరు పొడిగింపుకి వచ్చినప్పుడు జూన్ 3న సభలో గట్టిగా ఎదిరించాడు. అదే ఏడాది ఇండియా రిఫార్మ్ సొసైటీ అని ఒకటి పుట్టింది. అందులోనూ ఈయన ఉన్నాడు.

ఇక్కడ మన తెలుగువాడొకడు కథలోకి వస్తాడు. గాజుల లక్ష్మీనరసు శెట్టి. 1806లో మద్రాసులో పుట్టిన వ్యాపారి. 1844లో క్రెసెంట్ అనే పత్రిక పెట్టాడు. 1852లో మద్రాస్ నేటివ్ అసోసియేషన్ పెట్టి, శిస్తుల బాధల గురించి బ్రిటిష్ పార్లమెంటుకి అర్జీ పంపించాడు. రిఫార్మ్ సొసైటీకి చెందిన డాన్బీ సేమూర్ అనే ఎంపీ 1853లో మద్రాసు వస్తే, శెట్టిగారు ఆయన్ని జిల్లాలు తిప్పి, శిస్తు వసూలు కోసం రైతుల్ని ఎలా హింసిస్తున్నారో చూపించాడు. సేమూర్ 1854లో కామన్స్‌లో ఆ సంగతి ఎత్తాడు. విచారణ కమిషన్ వేయక తప్పలేదు. హింస నిజమేనని 1855లో ఆ కమిషనే రాసింది.

చెన్నపట్నం నుంచి ఒక అర్జీ, ఒక ప్రయాణం, లండన్లో ఒక ప్రసంగం, ఒక కమిషన్. ఓటు లేని జనానికి అప్పట్లో ఉన్న దారి ఇదొక్కటే. పార్లమెంటులో మనకి సీటు లేదు కాబట్టి ఎవరో ఒకరి సీటు అరువు తెచ్చుకోవాలి.

మాంచెస్టర్ నీళ్ళు, ఇండియా నీళ్ళు

1857 తిరుగుబాటు తర్వాత కంపెనీని తీసేసి రాణి పాలన పెట్టే బిల్లు వచ్చింది. 1858 జూన్ 24న బ్రైట్ చేసిన ప్రసంగం నా లెక్కలో ఆయన మన గురించి మాట్లాడినవాటిలో అన్నిటికన్నా ముఖ్యమైనది. అందులో ఒక పోలిక చెప్పాడు. 1834 నుంచి 1848 దాకా పద్నాలుగేళ్ళలో కంపెనీ ఇండియా మొత్తం మీద అన్ని రకాల నిర్మాణాలకీ పెట్టిన ఖర్చు కంటే, మాంచెస్టర్ అనే ఒక్క ఊరు తన జనానికి మంచినీళ్ళివ్వడానికి పెట్టిన ఖర్చు ఎక్కువ.

ఇది చదివినప్పుడు నేను మాంచెస్టర్లోనే ఉన్నాను. ఆ ఖర్చు ఎక్కడిదా అని చూస్తే, ఊరికి తూర్పున లాంగ్‌డెన్‌డేల్ లోయలో 1848 నుంచి వరసగా కట్టిన చెరువులు. అంటే నేను రోజూ కుళాయి తిప్పి పట్టుకుంటున్న నీళ్ళ వెనకాల ఉన్నది ఆ లెక్కే.

ఆయన చెప్పిన పద్నాలుగేళ్ళూ మన వైపు ఎలా గడిచాయో చూడండి. అంతకు ముందు ఏడాదే, 1833లో, గుంటూరునీ చుట్టుపక్కల జిల్లాలనీ ఊడ్చేసిన కరువు. డొక్కల కరువు అనేవారు. 1839లో కోరంగిని ముంచిన ఉప్పెన. 1821లో రాజమండ్రి జిల్లా జనాభా 7 లక్షల 38 వేలు. 1841కి 5 లక్షల 61 వేలు. ఇరవయ్యేళ్ళలో జనాభా పెరగాల్సింది పోయి నాలుగో వంతు దాకా తగ్గింది. పక్కనే గోదావరి నిండుగా పోతూనే ఉంది. 1844లో హెన్రీ మాంట్‌గమరీ జిల్లా దుస్థితి మీద రాసిన రిపోర్టు, ఆ వెంటనే కాటన్ ఇచ్చిన రిపోర్టు, వీటి మీదే ఆనకట్ట లేచింది. ఏ పార్లమెంటు ప్రసంగమూ దాన్ని కట్టలేదు. ఏరు తెలిసిన ఇంజినీరు, ధవళేశ్వరం కొండ రాయి, దాన్ని మోసిన వేలమంది కూలీలు, కాటన్‌కి జబ్బు చేసి 1848లో వెళ్ళిపోతే పని ఆపకుండా నడిపిన కెప్టెన్ ఓర్, వీళ్ళు కట్టారు.

బ్రైట్ అదే ప్రసంగంలో ఇంకొక మాట కూడా అన్నాడు. ఇంగ్లండు ఇండియాని ఎన్నాళ్ళు ఏలుతుందనుకుంటున్నారు అని సభనే అడిగాడు. ఏదో ఒకరోజు పోక తప్పదు కాబట్టి గవర్నర్ జనరల్ పదవి తీసేసి, కలకత్తా, మద్రాసు, బొంబాయి, ఆగ్రా, లాహోరు అని అయిదు ప్రభుత్వాలు పెట్టి, దేని ఖజానా దానికిచ్చి, కాళ్ళ మీద నిలబడడం నేర్పించమన్నాడు. 1858లో, తిరుగుబాటు నెత్తురు ఇంకా ఆరకముందు, ఒక ఇంగ్లీషువాడు అన్న మాట ఇది. సభ విన్నది, బావుంది అన్నది, పక్కన పెట్టేసింది.

కుర్చీ ఇస్తే?

1868 డిసెంబరులో గ్లాడ్‌స్టన్ ప్రధాని అయ్యాడు. బ్రైట్‌కి ఇండియా మంత్రి పదవి ఇస్తానన్నాడు. ఇరవయ్యేళ్ళుగా ఏ తప్పుల్ని ఎత్తి చూపుతున్నాడో వాటిని దిద్దే కుర్చీ అది. బ్రైట్ వద్దన్నాడు. తన ఆలోచనల్ని జనం ఒప్పుకునే రోజు ఇంకా రాలేదన్నాడు. ఇండియా పాలనంటే సైన్యం కూడా, అది క్వేకర్ మనస్సాక్షికి సరిపడదు. బదులుగా వాణిజ్య శాఖ తీసుకున్నాడు. విచిత్రమేమిటంటే, అర్జీలు రాసి రాసి అలిసిపోయిన లక్ష్మీనరసు శెట్టి ఆ 1868లోనే చనిపోయాడు.

ఇక్కడ నాకు కోపం వచ్చింది. డిజైన్ రివ్యూల్లో ప్రతి లోపమూ పట్టుకునే సీనియర్, సరే ఈ మాడ్యూల్ మీరే తీసుకోండి అంటే బ్యాండ్‌విడ్త్ లేదంటాడు చూడండి, అలా అనిపించింది. కొన్నాళ్ళు బ్రైట్ గురించి చదవడమే మానేశాను.

తర్వాత కొంచెం చల్లారి ఆలోచించాను. ఆయనకి తన పరిమితి తెలుసు. 1882లో అలెగ్జాండ్రియా మీద బ్రిటిష్ నౌకాదళం గుళ్ళు కురిపిస్తే అదే గ్లాడ్‌స్టన్ మంత్రివర్గంలోంచి రాజీనామా చేసి బయటికొచ్చేశాడు. ఆఫ్ఘన్ సరిహద్దు మీదకి సైన్యాన్ని పంపాల్సిన ఇండియా కుర్చీలో ఆయన ఎన్ని నెలలుండేవాడు? ఇది ఆయన తరపు న్యాయం. మన తరపు నుంచి చూస్తే మాత్రం, అడిగే మనిషి అడగడం దగ్గరే ఆగిపోయాడు.

ధాత కరువు, 1878 కమిటీ

1876లో వానలు పోయాయి. ధాత నామ సంవత్సరం కాబట్టి ధాత కరువు అన్నారు. 1878 దాకా సాగింది. మద్రాసు, మైసూరు, బొంబాయి, హైదరాబాదు ప్రాంతాల్లో కలిపి 50 లక్షల పైన చచ్చిపోయారు. మన బళ్ళారి, కర్నూలు, కడప ఘోరంగా దెబ్బతిన్నాయి. 1877 జనవరి 1న ఢిల్లీలో వైస్రాయి లిట్టన్ రాణిగారిని చక్రవర్తినిగా చాటుతూ దర్బారు చేశాడు. ఖర్చు తగ్గించమని పంపిన రిచర్డ్ టెంపుల్, కరువు పనికి వచ్చిన మగవాడికి రోజుకి ఒక పౌను గింజలు, పైన కొద్దిపాటి చిల్లర చాలన్నాడు. ఒక పౌనంటే అరకేజీకి తక్కువ. గోదావరి డెల్టాలో మాత్రం కాలవ నీటితో వరి పండింది.

అప్పటికి రిటైరై ఇంగ్లండులో ఉన్న కాటన్ దీన్నే పట్టుకున్నాడు. ఒక చోట పండింది, ఇంకో చోట మనుషులు పోయారు, తేడా నీళ్ళే కదా అని. ఆయన లెక్క మూడు కోట్ల పౌన్లు. ఆ డబ్బుతో దేశమంతా సాగుకీ పడవలకీ కాలవలు. గంగ మీదుగా వెళ్ళి సింధులో దిగే కలకత్తా-కరాచీ దారి ఒకటి. గోదావరి ఎక్కి తపతిలో దిగే కాకినాడ-సూరత్ దారి ఇంకొకటి. నదుల అనుసంధానం అని మనం ఇప్పుడు వాదించుకుంటున్నది ఆయన కాగితం మీద ఎప్పుడో ఉంది. పైన దుమ్ముగూడెం దగ్గర పడవలదారి కోసం మొదలుపెట్టిన పనుల్ని 1871లో ప్రభుత్వం వదిలేసిందన్న బాధ కూడా ఆయనకి ఉంది.

1877 డిసెంబరులో మాంచెస్టర్లో బ్రైట్ కాటన్ వైపు నిలబడి మాట్లాడాడు. మనుషులు ఈగల్లా రాలుతుంటే నీటికి డబ్బు లేదనడం ఏం పాలన అన్న ధోరణి. 66 ఏళ్ళ వయసులో, ఆరోగ్యం అంతంతమాత్రంగా ఉన్నప్పుడు. మరుసటి ఏడాది కామన్స్ సభ ఇండియా నిర్మాణ పనుల మీద సెలెక్టు కమిటీ వేసింది. అధ్యక్షుడు లార్డ్ జార్జ్ హామిల్టన్. మా తాతయ్య కథలో బోను అదే.

ఆ బోనులో దొర గెలవలేదు. ఎందుకు గెలవలేదో కూడా న్యాయంగా చెప్పాలి. ఎదుటివాళ్ళ దగ్గర ఒక బలమైన ఆయుధం ఉంది. కర్నూలు-కడప కాలవ. 1858లో పెట్టిన ఒక ప్రైవేటు కంపెనీ, పది లక్షల పౌన్లకి నూటికి అయిదు వడ్డీ ప్రభుత్వ హామీ, తుంగభద్ర మీద సుంకేశుల నుంచి కాలవ. దాని వెనకాల ఉన్నది కాటన్ ఆలోచనే. ఖర్చు అంచనా దాటిపోయింది, రాబడి రాలేదు. నల్లరేగడి నేలలో జొన్న వేసుకునే రైతు, వాన బాగున్న ఏడు కాలవ నీటికి డబ్బు కట్టనన్నాడు. చివరికి 1882లో ప్రభుత్వమే దాన్ని కొనుక్కుంది. డెల్టాలో పనిచేసిన లెక్క రాయలసీమలో పనిచేయలేదు. మన ఊరి సర్వర్లో నడిచింది కదా అని ప్రొడక్షన్లో పెట్టేస్తే ఏమవుతుందో మీకు తెలుసు. కానీ ఒక విడుదల చెడిందని మొత్తం ప్రాజెక్టునే ఆపేయడం ఇంకో రకం తప్పు. కమిటీ చేసిందదే. కాటన్ పథకాన్ని ఒప్పుకోలేదు. 1900 నాటికి రైళ్ళ మీద 22 కోట్ల 50 లక్షల పౌన్లు, నీటి పనుల మీద రెండున్నర కోట్లు పెట్టారని రమేశ్ చంద్ర దత్తు తర్వాత లెక్క తేల్చాడు.

పత్తి కథ రెండో వైపు

బ్రైట్‌ని దేవుణ్ణి చేయకముందు ఇంకొకటి కూడా గుర్తుపెట్టుకోవాలి. నర్సాపురం పక్కన మాధవాయపాలెం అని ఉంది. అక్కడ కంపెనీకి బట్టల ఫ్యాక్టరీ ఉండేది. ఇంజరంలోనూ ఉండేది. ఆ ఊరి పేరునే వంకర తిప్పి ఇంగ్లీషువాళ్ళు ఒక రకం తెల్లబట్టని మేడపోలం అన్నారు. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో ఆ నేతంతా కూలిపోయింది. కూల్చినది లాంకషైర్ మిల్లు గుడ్డ. రాజమండ్రి జిల్లా జనాభా అలా పడిపోవడంలో మగ్గాలు ఆగిపోవడానికి కూడా వాటా ఉంది. మన నేతగాడి నోటి దగ్గర కూడు తీసిన మిల్లుల్లోంచే మన రైతుకి నీళ్ళివ్వమని అడిగిన మనిషి వచ్చాడు. 1877లో, సరిగ్గా కరువు ఏడాదిలోనే, లాంకషైర్ గుడ్డ మీద ఇండియాలో ఉన్న సుంకం తీసేయాలని కామన్స్ సభ తీర్మానం కూడా చేసింది. సొంత ఊళ్ళో కూడా, పెద్దవాళ్ళ పనిగంటలకి చట్టం పరిమితి పెడతానంటే మిల్లు యజమానిగా బ్రైట్ వ్యతిరేకించాడు.

ఆయన మంచివాడా, వ్యాపారా అంటే రెండూ. కాలవ వస్తే మనకి వరి, ఆయనకి పత్తి. అడిగింది న్యాయమైనదే, అందులో లాభమూ ఉంది. అలాంటి మనిషి కూడా ఆ సభలో మనకి అరుదుగా దొరికాడు.

గదిలో ఎవరున్నారు

సొంత విషయం ఒకటి చెప్పి ముగిస్తాను. ఆన్‌సైట్‌లో ఉన్నప్పుడు ఒకరోజు మీటింగులో హైదరాబాదులో ఉన్న తొమ్మిదిమంది టెస్టింగ్ టీముని తీసేసే మాట వచ్చింది. క్లయింటు వైపు ఒక ఇంగ్లీషావిడ, ఈ సిస్టం వాళ్ళకి తెలిసినంత ఎవరికీ తెలియదని రెండుసార్లు అన్నారు. అయితే ఆ పని బాధ్యత మీరు తీసుకుంటారా అని అడిగితే, తన వల్ల కాదన్నారు. ఆ గదిలో ఉన్న ఏకైక తెలుగువాణ్ణి నేను. ఆ తొమ్మిదిమందిలో ఆరుగురితో కలిసి భోంచేసినవాణ్ణి. నోట్సు రాసుకుంటూ కూర్చున్నాను. మూడు వారాల్లో టీము పోయింది. ఆవిడ ఎందుకు బాధ్యత తీసుకోలేదని చాలా రోజులు తిట్టుకున్నాను. బ్రైట్ మీద వచ్చిన కోపంలో సగం అదేనేమో. ఆవిడ కనీసం రెండుసార్లు మాట్లాడారు.

బ్రైట్ పోయిన మూడేళ్ళకి, 1892లో, దాదాభాయి నౌరోజీ లండన్లో ఫిన్స్‌బరీ సెంట్రల్ నుంచి కామన్స్‌కి గెలిచాడు. మెజారిటీ అయిదు ఓట్లు. అరువు సీటు కోసం చూడకుండా తానే వెళ్ళి కూర్చున్నాడు. ఆ అయిదు ఓట్ల విలువ నాకు ఆ మీటింగు తర్వాతే తెలిసింది.

పోయిన సంక్రాంతికి ధవళేశ్వరం వెళ్ళాను. తాతయ్యకిప్పుడు 84. పాత ఆనకట్ట చోట 1982లో పూర్తయిన బ్యారేజీ మీదకి నడుచుకుంటూ వెళ్ళి, తేదీలన్నీ చెప్పాను. కథ తప్పని, బోను 1878లోదని, దొర ఓడిపోయాడని, బ్రైట్ అని ఒకాయన మాట్లాడాడని. బాధపడతారనుకున్నాను. చెయ్యి అడ్డం పెట్టుకుని కాసేపు నీళ్ళకేసి చూశారు.

"ఆ బ్రైటు ఇక్కడికొచ్చి చూశాడా?"

"లేదు తాతయ్యా. అసలు ఇండియాకే రాలేదు."

"ఆ కమిటీలో మనవాడు ఒక్కడైనా ఉన్నాడా?"

"లేడు."

"మరింకేం గెలుస్తాడు" అన్నారు. కాసేపాగి, "చూడకుండానే అంత మాట్లాడాడంటే గొప్పోడేరా" అని, పాత అలవాటు కొద్దీ గేజి రాయి దగ్గరికి వెళ్ళి, కళ్ళజోడు సరిచేసుకుని, నీళ్ళెంతున్నాయో చూసి వచ్చారు.